పెద్దాయన వెనక మర

ఆ సోమవారం పొద్దున లిండ్సే గెడిస్ వేసుకున్న పథకం బహు చిన్నది. యజమానురాలి వంటగదిలో అందరితో కలిసి టీ తాగాలి, రెండు టోస్టులు తినాలి, ఫెర్న్ కాలికి ముల్లు గుచ్చుకుందన్న అబద్ధాన్ని ఇంకొక్క వారం లాగించాలి. అంతకుమించి ఆ వేళ దేవుణ్ణి అడగవలసింది అతనికేమీ లేదు.

ఫెర్న్ కాలికి ముల్లూ లేదు, మన్నూ లేదు. అది ఎదకొచ్చింది. హెదర్ కింకేడ్ గారి గొర్రెల ఫారంలో ఒక కట్టుబాటు ఉంది. ఎదకొచ్చిన కుక్క కొండెక్కకూడదు. ఎప్పుడో ఒక ఏడాది అలాంటిదాన్ని వెంట తీసుకుపోతే మిగతా కుక్కలన్నీ గొర్రెల్ని గాలికొదిలేసి దాని వెనక పడ్డాయట. చెదిరిన గొర్రెల్ని మూడు లోయల్లో ఏరుకునేసరికి క్రిస్మస్ వచ్చిందట. అందుకని లిండ్సే దాన్ని తన ఇంట్లో బట్టలుతికే గదిలో పెట్టి తలుపేసి, ఎవరడిగినా ముల్లు కథ చెబుతున్నాడు. మంద దించేది వచ్చే బుధవారం. అప్పటికి ఫెర్న్ మామూలు మనిషి అయిపోతుంది.

ఒక్క కుక్క కోసం ఇంత నాటకమా అంటే, అవును, ఇంతా అవసరమే. వేసవంతా దక్షిణ ఆల్ప్స్ మీద మేసే నాలుగు వేల గొర్రెల్ని ఏటా ఏప్రిల్ చివర, అక్కడ చలికాలం ముంచుకొచ్చే వేళ, మంచు పడకముందు, మనుషులూ కుక్కలూ వెళ్ళి కిందికి తోలుకొస్తారు. ఒక్కొక్కరికి కొండ మీద ఒక్కో వరుస. అన్నిటికన్నా పైన, శిఖరం అంచు వెంబడి నడిచే వరుసను పైబీటు అంటారు. అది అందరికీ ఇచ్చేది కాదు. ముప్పై ఏళ్ళుగా అది లిండ్సేది. అందులో పదేళ్ళు ఫెర్న్ అతని మోకాలి పక్కనే నడిచింది. వచ్చే ఏడాది నుంచి పైబీటుకు హెలికాప్టర్ వస్తోంది. అంటే లిండ్సేకు ఇదే ఆఖరు నడక, ఫెర్న్‌కూ ఇదే ఆఖరు. ఆ నడక ఫెర్న్‌తోనే నడవాలని అతని కోరిక. అరవై ఎనిమిదేళ్ళ మనిషికి కోరికలు ఎన్నో ఉండవు. ఉన్న ఒక్కటీ మాత్రం మొండిగా ఉంటుంది.

టీ సగంలో ఉండగా రేడియో గొంతు సవరించుకుంది. "పర్వత ప్రాంతాలకు వాతావరణ సూచన. గురువారం నుంచి దక్షిణపు గాలులు బలపడును. ఒక మోస్తరు నుంచి భారీ వర్షాలు. ఎత్తైన ప్రాంతాల్లో వర్షం క్రమేణా మంచుగా మారును."

"విన్నారుగా," అంది హెదర్ కప్పు కింద పెడుతూ. "వచ్చే బుధవారం దాకా ఆగేది లేదు. రేపే బయల్దేరదాం. రేపటికి కొండ మీద రేకుల గదికి చేరితే, ఎల్లుండి గొర్రెల్ని కూడేసి, గురువారం మధ్యాహ్నానికల్లా దించేయొచ్చు."

లిండ్సేకు టీ పొరబోయింది. వంటమనిషి రెవీ వచ్చి వీపు మీద నాలుగు చరిచాడు. రెవీకి ముప్పై ఏళ్ళు. మంద దించే రోజుల్లో సామాన్లు మోసుకెళ్ళి కొండ మీద వండిపెట్టేది అతనే. లిండ్సేను బాబాయ్ అంటాడు. చెవిలో చెప్పిన రహస్యాన్ని సాయంత్రంలోగా లోయంతటికీ చేరవేయడం అతని రెండో ఉద్యోగం. మొదటిదానికన్నా అదే శ్రద్ధగా చేస్తాడు.

"అంత తొందరేముంది, హెదర్?" అన్నాడు లిండ్సే ఊపిరి తిరిగాక. "రేడియోవాళ్ళ వాన ఎన్నడైనా మన లోయలో పడిందా? వాళ్ళ వాన వాళ్ళ ఊళ్ళోనే పడుతుంది."

"నడవబోయేది ఆఖరుసారి. పొడినేల మీద నడుద్దువు గాని, రా," అంది హెదర్.

"బాబాయ్‌కి పొడినేలంటే ఎలర్జీ, బాస్," అన్నాడు రెవీ. మిగతా ఇద్దరు కాపరులూ నవ్వారు.

అయితే ఆ ఇంట్లో రేడియో మాట ఒక్కటే చాలదు. వంటగది గోడకు ఇత్తడి బారోమీటరు ఒకటి వేలాడుతూ ఉంటుంది. అందరూ దాన్ని పెద్దాయన అంటారు. హెదర్ భర్త ఆంగస్‌కు వాళ్ళ నాన్న ఇచ్చినది. పైన 'నిర్మలం', కింద 'తుఫాను', మధ్యలో ఆంగస్ స్వహస్తాలతో గీసిన ఎర్ర గీత. సూది ఎర్ర గీతకు దిగువనుంటే ఎవరూ కొండెక్కకూడదు. వెనకటికి ఎల్లిస్ అనే కాపరి మాట వినకుండా వెళ్ళి, పొగమంచులో దారి తప్పి, కొండకు అవతలివైపు దిగి, అక్కడే ఒక విధవరాలిని పెళ్ళాడి స్థిరపడిపోయాడు. ఇంకో మంచి కాపరిని అలా పోగొట్టుకోవడం ఇష్టంలేక ఆంగస్ ఆ గీత గీశాడు. ఆంగస్ పోయి ఆరేళ్ళయినా ఆ గీత దాటినవాడు లేడు.

హెదర్ లేచి వేలితో అద్దం మీద టక్కున కొట్టింది. సూది 'నిర్మలం' దగ్గర కులాసాగా ఉంది. "పెద్దాయన కూడా సరేనన్నాడు," అని అందరినీ పనుల మీదికి తరిమి, తనూ కోళ్ళ దగ్గరికి వెళ్ళింది.

లిండ్సే మాత్రం కప్పు కడిగే నెపంతో వెనకబడ్డాడు. ఇప్పుడు చెబితే ఏమవుతుంది? "దాన్ని వదిలేసి రా" అంటుంది. చెప్పకుండా తీసుకుపోతే కుక్కలన్నీ కొంప ముంచుతాయి. పెద్దాయన వెనకవైపు సూదిని సరిచేసే చిన్న మర ఒకటుంది. ఆంగస్ వాళ్ళ నాన్న దాన్ని తిప్పుతుండగా లిండ్సే కుర్రతనంలో చూశాడు. తీరా చూస్తే కింద అరలోనే కుట్టుమిషను స్క్రూడ్రైవరు కూడా ఉంది. అది అక్కడెందుకుందో అతను ఆలోచించలేదు. ఇన్నేళ్ళ మర తుప్పు పట్టకుండా వెన్నలా ఎలా తిరిగిందనీ ఆలోచించలేదు. దొంగతనానికి దిగినవాడికి తలుపు తీసి ఉంటే సంతోషమే గాని, ఎందుకు తీసి ఉందన్న విచారణ ఉండదు. సూది ఎర్ర గీత దాటి, 'తుఫాను' మీద కూర్చుంది.

'తప్పేం కాదు,' అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. 'కాలానికి ముందు పడ్డ మంచు మూడు రోజులుండదు. అది కరిగాక, అనుకున్నట్టే వచ్చే వారం వెళ్తాం. ఎవరికి నష్టం?'

మధ్యాహ్నం భోజనాల వేళ సూదిని మొదట చూసినవాడు రెవీ. చేతిలో మాంసం పళ్ళెం బల్ల మీద పెట్టనైనా పెట్టకుండా, "బాస్! పెద్దాయన పడిపోయాడు!" అని గావుకేక వేశాడు. హెదర్ వచ్చేలోపలే రెవీ ఫోను దగ్గరున్నాడు. ఎగువ ఫారానికొకటి, దిగువ ఫారానికొకటి, బడికొకటి, పబ్బుకొకటి. ప్రతి ఫోనుకూ తుఫాను ఒక మెట్టు పెరిగింది. ఎగువ ఫారానికి చెప్పేటప్పుడు ఈదురుగాలి. పబ్బుకు చేరేసరికి ప్రళయం.

హెదర్ మాత్రం ఏమీ అరవలేదు. సూదిని చాలాసేపు చూసింది. ఆ తర్వాత లిండ్సేను చూసింది. అక్కణ్ణుంచి ఆమె చూపు అతని కుడి మోకాలి మీదికి దిగింది.

"మోకాలెలా ఉంది, లిండ్సే?"

"మోకాలికేం? రాయిలా ఉంది."

"సరే. కట్టుబాటు కట్టుబాటే. రేపు ఎవరూ కదలక్కర్లేదు," అని కూర్చుని బంగాళాదుంపలు వడ్డించుకుంది. ఇంత తేలిగ్గా తెమిలిపోతుందని లిండ్సే అనుకోలేదు. రెండోసారి మాంసం వేయించుకుని మరీ తిన్నాడు.

ఆ సంతోషం ఇల్లు చేరేదాకా కూడా నిలవలేదు. ఇంట్లో అతని భార్య నోలీన్ తెల్ల చొక్కా, తెల్ల లంగా మంచం మీద పరిచి, వాటికేసి చావింట్లో చూసినట్టు చూస్తోంది. నోలీన్ ఊరి మహిళల బౌల్స్ జట్టుకు నాయకురాలు. బంతులు దొర్లించే ఆ ఆటలో ఇరవై ఏళ్ళకు మొదటిసారి వాళ్ళ జట్టు టిమారూలో జరిగే ఫైనలుకు చేరింది. ఆట గురువారం. వాళ్ళ బస్సు బుధవారం పొద్దున.

"బస్సు లేదట," అంది నోలీన్. "మీ పెద్దాయన పడిపోయాడట కదా! కనుమ మూసుకుపోతుందని డ్రైవరు రానంటున్నాడు. ఇరవై ఏళ్ళయ్యా! ఇరవై ఏళ్ళు ఆగిన తుఫాను ఇంకో మూడు రోజులు ఆగలేకపోయిందా?"

 భార్య ఆట ఈ వారమేనన్న సంగతి మర తిప్పేటప్పుడు లిండ్సేకు గుర్తే లేదు. "ప్రకృతి కదా, మనమేం చేస్తాం," అన్నాడు గోడకేసి చూస్తూ.

"ఎవడో పాపం చేసుంటాడు, అందరికీ తగిలింది," అంది నోలీన్. అతను బూటు తాడు ముడి పడిందని కిందికి వంగి, చాలాసేపటిదాకా పైకి లేవలేదు.

మంగళవారం తెల్లారింది. ఎండ ఫెళఫెళా కాసింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. పోప్లర్ చెట్ల మీద పసుపు ఆకు ఒక్కటి కదిలితే ఒట్టు. అంత చక్కని రోజు ఆ ఏడాదిలోనే రాలేదు, ఆ రోజంతా లోయ తుఫాను కోసం తలుపులు బిగించుకుని కూర్చుంది. బడికి సెలవిచ్చారు. పబ్బులో కొవ్వొత్తులు అయిపోయాయి. ఎగువ ఫారం ముసలాయన తన గుమ్మడికాయలన్నిటికీ ఇంట్లో ఉన్న దుప్పట్లు తెచ్చి కప్పి, రాత్రి తను కోటు కప్పుకుని పడుకున్నాడు.

"తుఫాను ముందు ప్రశాంతత, బాబాయ్," అన్నాడు రెవీ చొక్కా విప్పి చెమట తుడుచుకుంటూ. "ఎండ ఇంతలా కాస్తోందంటే వచ్చేది మామూలు తుఫాను కాదు. మా అమ్మమ్మ చెప్పేది."

"మీ అమ్మమ్మ ఏం చెప్పేది?"

"ఇట్టాంటిదే ఏదో చెప్పేదిలే. ఎగువ ముసలాయన మాత్రం గుమ్మడికాయల్ని కాపాడానని సంబరపడిపోతున్నాడు."

గుమ్మడికాయల మాట వినగానే లిండ్సే చెయ్యి తనకు తెలియకుండానే భుజం మీదికి పోయింది. పైబీటు శిఖరం నీలాకాశంలో స్పష్టంగా, పొడిగా, గడ్డిపోచలతో సహా కనబడుతోంది. ఈ పాటికి అక్కడికి సగం దూరంలో ఉండాల్సినవాడు. ఒక్కసారి మనసులో కలుక్కుమంది. అయినా ఫెర్న్ లేకుండా ఏం నడక అనుకుని, ఇంటికి పోయి బట్టలుతికే గదిలో దాని పక్కన కూర్చున్నాడు. ఫెర్న్ అతని బూటు మీద గడ్డం ఆనించింది. బయట కంచె పొడవునా ఫారం కుక్కలన్నీ బారులు తీరి కూర్చుని కోరస్ పాడుతున్నాయి.

సాయంత్రం నోలీన్, ఎప్పుడో అరువు తెచ్చుకున్న కేకు గిన్నె తిరిగిచ్చి వస్తానని హెదర్ ఉండే పెద్దింటికి వెళ్ళింది. వెళ్ళేటప్పుడు ముఖం మాడ్చుకుని వెళ్ళిన మనిషి, వచ్చేటప్పుడు కూనిరాగం తీస్తూ వచ్చింది. కేకు గిన్నె ఇచ్చినంత మాత్రాన ఇంత ఆనందమేమిటా అని లిండ్సే కొంచెం ఆశ్చర్యపోయాడు.

బుధవారం పొద్దున వంటగదిలో అడుగుపెట్టేసరికి రెవీ పెద్దాయన ముందు సిలువ వేసుకుంటున్నాడు. సూది 'తుఫాను' వదిలి, ఎర్ర గీత దాటి, 'నిర్మలం' కూడా దాటి, చిట్టచివరి 'మహా పొడి' అనే గడి దాకా పోయి నిలబడింది. ఆ గడిలోకి సూది వెళ్ళడం ఆ ఇంట్లో ఎవరూ ఎరగరు.

లిండ్సే తల మీది టోపీ తీసేశాడు. తను తిప్పలేదు. తను తిప్పకుండా తిరిగిందంటే, ఆంగస్ పైనుంచి చూస్తున్నాడన్నమాట.

హెదర్ టీ కలుపుతూ ఓరగా అతనికేసి చూసింది. ముఖంలో చిన్న నవ్వులాంటిది ఉంది. "అయితే వెళ్దామంటావా, లిండ్సే?"

'నన్నడుగుతుందేమిటి?' అనుకున్నాడు. పైకి మాత్రం, "పెద్దాయన ఎలా అంటే అలా," అన్నాడు.

"రేడియో ఇప్పటికీ రేపు వానే అంటోంది. ఇవాళ గదికి చేరి, రేపు తెల్లారకముందే పైబీటు మొదలుపెడితే వాన కన్నా ముందుంటాం. పదండి, పదండి!"

రెవీ మళ్ళీ ఫోనెత్తాడు. లోయ మొత్తం తలుపులు తీసుకుని బయటికొచ్చింది. గుమ్మడికాయల దుప్పట్లు ఇంట్లోకి పోయాయి. బస్సు బయల్దేరింది. నోలీన్ ఒక చేత్తో టోస్టు, ఇంకో చేత్తో తెల్ల బూట్లు పట్టుకుని పరుగెత్తింది. ఆరేసిన మేజోళ్ళ కోసం బట్టలుతికే గదిలోకి ఒక్క క్షణం దూరింది కూడా. లిండ్సే అప్పటికే సంచి భుజాన వేసుకుని కంచె దాటాడు. ఫెర్న్‌కు వీడ్కోలు చెప్పడానికి కూడా వెనక్కి వెళ్ళలేదు. చెబితే కాళ్ళు కదలవని అతనికి తెలుసు. వేరే కుక్క పక్కన నడుస్తుంటే కుడి మోకాలి పక్కన గాలి ఖాళీగా తగిలింది.

మధ్యాహ్నానికి రేకుల గదికి చేరారు. ముగ్గురు కాపరులు, రెవీ, పద్నాలుగు కుక్కలు. పదిహేనోది రెవీ పెంపుడు కుక్క బిస్కెట్. జానెడు కాళ్ళు, బారెడు పొట్ట. రెవీ సంచిలో తల బయటపెట్టి కూర్చుని కొండెక్కుతుందే గాని, నేల మీద నాలుగడుగులు వేసిన పాపాన పోదు. దానికి గొర్రెలంటే భయం.

సంచులు దించి, కెటిల్ పొయ్యి మీద పెట్టారో లేదో, కుక్కలన్నీ ఒక్కసారిగా కిందివైపు ముక్కులు తిప్పాయి. దారి మలుపు దగ్గర ఫెర్న్ ప్రత్యక్షమైంది. నాలుక వేలాడేసుకుని, తోకూపుకుంటూ, 'నన్ను మరిచిపోయావేం?' అన్నట్టు యజమాని కేసే చూస్తోంది. లిండ్సే కళ్ళు చెమర్చాయి. ఆ తర్వాత సంగతి గుర్తొచ్చి చుట్టూ ఉన్న కుక్కలకేసి చూశాడు.

"ఇదేంటి బాబాయ్, కాలికి ముల్లన్నావ్?" అన్నాడు రెవీ.

ఆ మాట పూర్తికాలేదు. పద్నాలుగు కుక్కలు లేచాయి. ఈలలు పనిచేయలేదు, తిట్లు పనిచేయలేదు. ఫెర్న్ బెదిరిపోయి వచ్చిన దారినే వెనక్కి లంకించుకుంది. దాని వెనక పద్నాలుగూ కొండ మీంచి రాళ్ళు దొర్లినట్టు దిగిపోయాయి. అందరూ నోళ్ళు తెరుచుకుని చూస్తుండగా, రెవీ సంచి కదిలింది. బిస్కెట్ బయటికి దూకింది. పుట్టిన తర్వాత మొదటిసారిగా పరుగెత్తింది.

"బిస్కెట్! ఒరేయ్, నీ వల్ల కాదురా!" అని రెవీ అరిచాడు. ఆ అంచనా ఎంత తప్పో తర్వాత తేలింది.

గురువారం తెల్లవారుజామున కొండ మీద నలుగురు మనుషులు, ఒక కెటిల్ మిగిలారు. కుక్కలు లేకుండా గొర్రెల్ని దించడమంటే గరిటె లేకుండా గంజి కాచడమే. "మనమే మొరుగుదాం," అని రెవీ ఒకటి రెండుసార్లు మొరిగి చూపించాడు. కాపరులు అతన్ని మందలిస్తుండగానే రేకుల మీద మొదటి చినుకు పడింది. చూస్తుండగా వాన జోరందుకుంది. చలి పెరిగింది. తొమ్మిదయ్యేసరికి వాన చినుకుల మధ్య తెల్లగా ఏదో మెత్తటిది తేలుతూ దిగసాగింది.

"కిందికి పోదాం, బాబాయ్. గదిలో బియ్యపు పాయసం తప్ప ఇంకేం లేదు," అన్నాడు రెవీ.

"మీరు పొండి. నేను పైకి వెళ్ళొస్తా."

"ఒక్కడివే? కుక్క కూడా లేకుండా?"

"పైబీటు నాది," అన్నాడు లిండ్సే. ఇంకేమీ అనకుండా కోటు గుండీలు పెట్టుకుని నడిచాడు. గొర్రెలు దిగినా దిగకపోయినా, ఆ అంచు మీద ఆఖరుసారి నాలుగడుగులు వేసి రావాలి. మోకాలు అడుగడుక్కీ తిడుతోంది. వాన పూర్తిగా మంచైపోయింది. చప్పుడు లేదు. శిఖరానికి ఇంకొక్క మలుపుందనగా, ఎదురుగా ఏదో కదిలింది.

ముందు ఒక ముసలి గొర్రె. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి. ఒకదాని వెనక ఒకటి, తోసుకోకుండా, తొందరపడకుండా, పైబీటు గొర్రెలన్నీ వాటంతటవే దిగొస్తున్నాయి. దారి ఇరుకు. లిండ్సే పక్కకు తప్పుకుని బండరాయికి వీపానించి నిలబడ్డాడు. ఆట అయిపోయి బయటికొచ్చే జనం తర్వాతి ఆటకు టిక్కెట్ల వరుసలో నిలబడ్డవాణ్ణి చూసినట్టు, ప్రతి గొర్రే అతన్నొకసారి చూసి ముందుకు సాగిపోయింది. ఎంతసేపటికీ తెగలేదా వరుస. ఆఖరి గొర్రె దాటేసరికి అతని టోపీ మీద నాలుగంగుళాల మంచు పేరుకుంది, పైకి వెళ్ళే దారి పూర్తిగా మూసుకుపోయింది.

ఇక పైన తోలడానికి గొర్రె లేదు. నడవడానికి దారి లేదు. ముప్పై ఏళ్ళు నడిచిన పైబీటుకు ఒక్క మలుపు దూరంలో నిలబడి, లిండ్సే చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. తుడుచుకున్నాడు. ఆ తర్వాత గొర్రెల వెనకే, వాటి అడుగుల్లో అడుగులేసుకుంటూ కిందికి దిగాడు. కింద గేటు దగ్గర హెదర్ గొడుగేసుకుని నిలబడి, వచ్చిన గొర్రెల్ని వచ్చినట్టు లోపలికి పంపుతోంది. ఫెర్న్ ఇంట్లో నిద్రపోతోంది. వాకిట్లో చాప మీద బిస్కెట్ వెల్లకిలా పడుకుని, జన్మ ధన్యమైన ముఖం పెట్టుకుని ఉంది.

శుక్రవారం లోయంతా తెల్లగా మెరిసింది. లిండ్సే వంటగదిలోకి వచ్చేసరికి హెదర్ ఒక్కతే ఉంది. రేడియో వింటోంది. వింటూనే లేచి, పెద్దాయనను మేకు మీంచి దించి, అరలోంచి కుట్టుమిషను స్క్రూడ్రైవరు తీసి, వెనక మర తిప్పసాగింది.

లిండ్సే గుమ్మంలోనే కొయ్యబారిపోయాడు. "నువ్వేం చేస్తున్నావ్, హెదర్?"

"ఆరేళ్ళుగా చేస్తున్నదే. ఆంగస్ పోయిన శీతాకాలమే ఇదీ పోయింది. అప్పట్నుంచి పొద్దున్నే రేడియో విని, దానికి తగ్గట్టు నేనే తిప్పుతున్నా."

"ఎందుకు?"

"ఎందుకా? ఆంగస్ ఉన్నప్పుడు మీరంతా ఆయన మాట విన్నారు. ఆయన పోయాక ఆయన గోడ మీది డబ్బా మాట విన్నారు. ఈ ఇంట్లో నా మాట విన్న మగాడెవడో చెప్పు."

లిండ్సే కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు. "అయితే సోమవారం..."

"నువ్వేనని చూడగానే తెలిసింది. నీ మోకాలు తట్టుకోలేదేమో, అందరి ముందు చెప్పుకోలేక ఇలా చేశావేమోననుకున్నా. నిన్ను చిన్నబుచ్చడమెందుకని ఊరుకున్నా. బుధవారం సూది అంతెత్తున లేచేసరికి, పోనీలే, ధైర్యం తెచ్చుకున్నాడని సంతోషించా."

"బుధవారం నేను తిప్పలేదు!"

"నేను తిప్పా," అంది గుమ్మంలోంచి నోలీన్. కనుమ తెరవగానే మొదటి బస్సుకు వచ్చినట్టుంది, చేతిలో సంచి ఇంకా ఉంది. ముఖం చూస్తేనే ఆట సంగతి తెలుస్తోంది. "కేకు గిన్నె ఇచ్చిపోదామని వచ్చి తిప్పా. పెళ్ళైన కొత్తలో ఆ మర నాకు చూపించింది నువ్వే కదయ్యా. ఎంత తిప్పాలో మాత్రం చెప్పలేదు."

"మరి ఆట?"

"మొదటి బంతి నుంచే గురి తప్పింది. ఊరు ఊరందరినీ మోసం చేసి వచ్చానని. చిత్తుగా ఓడిపోయాం." నోలీన్ సంచి కింద పడేసి కూర్చుంది. "ఇంతకీ సోమవారం నువ్వెందుకు తిప్పావ్?"

లిండ్సే ఫెర్న్ సంగతి మొత్తం చెప్పాడు.  నోలీన్ నోటి మీద చెయ్యేసుకుంది. బట్టలుతికే గది తలుపు వేశానో లేదో ఆమెకు అప్పుడే గుర్తొచ్చింది.

"ఒక్క మాట నాతో చెబితే ఏం పోయేది?" అంది హెదర్ చివరికి.

"చెబితే దాన్ని వదిలేసి రమ్మనేదానివి."

"అనేదాన్ని కాదు. మిగతా కుక్కల్ని ఒక రోజు కట్టేయించి, నిన్నూ దాన్నీ ముందు పంపేదాన్ని." హెదర్ పెద్దాయనను బల్ల మీద బోర్లా పెట్టింది. "లిండ్సే, మంచు పడితే పైన గొర్రెలు వాటంతటవే దిగొస్తాయని నాకు తెలియదా? వచ్చే బుధవారం దాకా ఆగితే నువ్వు నడవడానికి అక్కడ గొర్రెలుండవు. ఆఖరుసారి నడుద్దువు గదాని, నీకోసమే సోమవారం నాడు రేపే వెళ్దామన్నాను."

   లిండ్సే లేచి, ఫెర్న్‌ను వెంటబెట్టుకుని గేటు దాకా నడిచాడు. కొండ పాదం నుంచి శిఖరం దాకా తెల్లగా ఉంది. పైబీటు పొడవునా ఒక్క అడుగు జాడ లేదు. ఫెర్న్ అటే చూసి, ఇటు అతని ముఖం కేసి చూసి, 'వెళ్దామా?' అన్నట్టు ఒకసారి తోకూపింది. "లేదే, తల్లీ," అన్నాడు లిండ్సే. "అయిపోయింది. నేనే చేజేతులా చేసుకున్నా." అది అతని కుడి మోకాలి పక్కన ఎప్పటి చోట్లోనే కూర్చుంది. 

శీతాకాలం మధ్యలో ఫెర్న్ ఐదు పిల్లల్ని కన్నది. ఐదింటికీ జానెడు కాళ్ళు, బారెడు పొట్ట. ఒక్కటీ కొండెక్కే రకం కాదు. హెదర్ ఇత్తడి బారోమీటరును అటక మీద పెట్టేసి, పిల్లల్లో ఒకదాన్ని తెచ్చుకుని దానికే పెద్దాయన అని పేరు పెట్టింది. దక్షిణపు గాలి తిరిగే ముందు అది మంచం కింద దూరుతుంది, ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు, పైగా దాని వెనక మర లేదు.